తెలియని అంకె వచ్చిన సాయంత్రం

నేను ఉద్యోగంలో చేరిన మొదటి వారంలోనే మా సార్ నన్ను స్కూటర్ వెనక ఎక్కించుకుని సముద్రం ఒడ్డుకి తీసుకెళ్ళారు.

శ్రీకాకుళంలో ఒక మందుల షాపు పైన రెండు గదుల ఆఫీసు మాది. నరసన్నపేట నుంచి రోజూ బస్సులో వచ్చి వెళ్ళేదాన్ని. ఇంజనీరింగ్ పాసై వచ్చాను కాబట్టి మొదటి రోజే కంప్యూటర్ ఇచ్చి ప్రోగ్రాములు రాయమంటారనుకున్నాను. సార్ ఆ మాటే ఎత్తలేదు. "ముందు మన పెట్టె మాటాడితే విను. వినకండా ఏటి రాస్తావు?" అన్నారు. ఆయనది విజయనగరం. ఎంత చదువుకున్నా, ఎన్ని ఊళ్ళు తిరిగినా ఆ 'ఏటి'ని మాత్రం ఎక్కడా వదిలి రాలేదు.

శ్రీకూర్మం దాటాక రోడ్డు సన్నబడి, సరుగుడు తోటల మధ్య నుంచి ఇసకలోకి దిగుతుంది. అక్కడ చేపల వేటకెళ్ళేవాళ్ళ ఊరు ఒకటి. తుఫాను షెల్టరు మీద మైకు, కింద వరండా గోడకి బూడిద రంగు రేకు పెట్టె. మేం వెళ్ళేసరికి పొద్దు వాలుతోంది. షెల్టరు నీడలో మగవాళ్ళు వలలు బాగుచేసుకుంటున్నారు. ఆడవాళ్ళు ఎండు చేపల్ని తట్టల్లోకి ఎత్తుతున్నారు. పెట్టె గంటలా ఒకసారి మోగింది. తర్వాత మైకులోంచి ఒక ఆడగొంతు వచ్చింది.

"సంద్రం నిమ్మళంగా ఉన్నాది. గాలి పడమట నుంచి కొడతన్నాది. రేపు ఏటకెల్లొచ్చు."

రేడియోలో వార్తలు చదివేవాళ్ళ గొంతు వస్తుందనుకున్న నేను నోరు తెరుచుకుని మైకు వైపే చూస్తున్నాను. వలలు కుట్టేవాళ్ళు తల కూడా ఎత్తలేదు. కానీ ఒకతను పక్కవాడితో "అయితే తెల్లారగట్ట ఎల్దాం" అన్నాడు. తట్ట ఎత్తుతున్న ఒకావిడ నన్ను చూసి పకపకా నవ్వింది.

"పైకెందుకు సూస్తావు గుంటా? ఆ పెట్టిలో ఉన్నది నానే!"

అదే యాస, అదే గొంతు. సార్ ఆవిడ్ని నాకు పరిచయం చేశారు. ఊళ్ళో అందరూ మైకప్ప అంటారు. మా వైపు అప్ప అంటే అక్క, గుంట అంటే పిల్ల. నేను కూడా ఆ రోజు నుంచి ఆవిడ్ని అప్పా అనే పిలుస్తున్నాను. ఆవిడ భర్తకి సొంత పడవ ఉంది. ఆయన నాకు బావ అయ్యాడు.

మా పెట్టె చేసే పని చాలా చిన్నది. సముద్రం ఎలా ఉండబోతోందో లెక్కగట్టేవాళ్ళ దగ్గర్నుంచి రోజూ మా ఆఫీసుకి సమాచారం వస్తుంది. దాన్ని మేం ఒక్కో ఊరి పెట్టెకి సెల్‌ఫోన్ మెసేజిలా పంపిస్తాం. ఒడ్డు మీద సిగ్నలు సరిగా అందని రోజులవి. అందుకని మెసేజి పొట్టిగా ఉండాలని సార్ దాన్ని ఉత్త అంకెల్లో పెట్టారు. మొదటి అంకె సముద్రానిది, రెండోది గాలిది, మూడోది వెళ్ళాలా వద్దా అన్నది. ఒక్కో అంకెకి అప్ప గొంతులో ఒక మాట పెట్టెలోని మెమరీ కార్డులో ఉంటుంది. అంకె రాగానే పెట్టె ఆ మాట వినిపిస్తుంది. ఏ చోట ఏ అంకె ఉంటే ఏమర్థమో ఆఫీసూ పెట్టే రెండూ ఒకేలా అనుకోవాలి కదా, ఆ పట్టికని మా పనిలో స్కీమా అంటారు. సార్ మాత్రం ఒప్పందం అనేవారు. "పెట్టెకీ మనకీ ఉన్న ఒప్పందం. మనం ఒక్కళ్ళమే మార్చడానికి లేదు" అనేవారు.

ఆ మాట నాకు అప్పుడే అర్థమైందని చెప్పలేను. చేరిన కొత్తలో ఆ పట్టిక చూస్తుంటే మధ్యలో ఒక అంకె ఎదురుగా ఏమీ రాసి లేదు. పొగమంచు గురించి చెప్పడానికి ఒక అంకె కావాల్సి వచ్చింది అప్పుడు.

"ఇది ఖాళీగానే ఉంది కదా సార్, ఇది వాడేద్దామా?" అని అడిగాను.

సార్ కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "ఒకప్పుడు దానికి ఒక మాట ఉండేది. అక్కర్లేదని తీసేశాం. ఇక్కడ తుడిచేశాం గానీ పెట్టెల్లో ఆ గొంతు ఇంకా ఉండే ఉంటాది. నువ్వు పొగమంచు అని పంపిస్తావు, అక్కడ ఇంకేదో పలుకుతాది. ఒకసారి ఒక అర్థం ఇచ్చిన అంకెని ఇంక కదపకమ్మా. కొత్త మాటకి కొత్త అంకె."

"మరి కొత్త అంకె పంపితే పాత పెట్టెలకి అది తెలీదు కదా సార్?"

నేను ఏదో అడగాలని అడిగానంతే. ఆయన ముఖం మాత్రం వెలిగిపోయింది. నా వైపు కుర్చీ లాక్కున్నారు.

"తెలీదు. తెలీని అంకె వస్తే పెట్టె ఏటి సెయ్యాలి, నువ్వు సెప్పు."

"ఊరుకోవాలి సార్."

"ఊరుకుంటే ఒడ్డు మీదోళ్ళు ఏటనుకుంటారు?"

"కరెంటు లేదనుకుంటారు. లేదంటే అంతా బాగానే ఉందనుకుంటారు."

"అనుకుని?"

"వేటకెళ్ళిపోతారు సార్" అన్నాను. ఆయన కంప్యూటర్లో ఒక ఫైలు తెరిచి వినిపించారు. అప్ప గొంతే.

"ఓలమ్మా, ఇదేటో నాకు తెల్దు. కొత్త కబురేదో వచ్చింది. కనుక్కునీ వరకూ ఎవులూ ఏటకెల్లకండి."

నాకు నవ్వాగలేదు. ఆయన కూడా నవ్వారు. ఆ మాట అన్ని పెట్టెల్లోనూ పెట్టామనీ, ఇప్పటిదాకా ఏ ఊళ్ళోనూ అది మోగే అవసరం రాలేదనీ చెప్పారు. సముద్రం గురించిన అంకె తెలియకపోతే పెట్టె మిగతా అంకెల జోలికి పోకుండా ఈ ఒక్క మాటే చెప్పేలా ఆయన రాశారు. ఆ మాటలు ఎవరివని అడిగితే, తానూ అప్పా కూర్చుని కూర్చినవేనన్నారు. తెలీదని చెప్పాలన్నది ఆయన కోరిక, 'ఓలమ్మా' మాత్రం అప్పది.

ఆయన దగ్గర నేను పనిచేసింది కొద్ది కాలమే. తర్వాత ఆయన పని మానేసి విజయనగరంలో ఇంటి పట్టున ఉండిపోయారు. ఆయన కుర్చీ నాకు వచ్చింది.

కొన్నాళ్ళకి ఒడ్డు మీద ఫోన్ సిగ్నలు బాగుపడింది. మా మేనేజరు కొత్త పెట్టెలు తెప్పించారు. వాటికి అంకెలు అక్కర్లేదు. పెద్ద పెద్ద వాక్యాలు పంపితే యంత్రం గొంతుతో చదివేస్తాయి. అలల ఎత్తు, గాలి వేగం, ఏ రోజు నుంచి ఏ రోజు వరకు, అన్నీ వివరంగా చెప్పొచ్చు. మేం దాన్ని రెండో వెర్షన్ అన్నాం. దాని పట్టిక రాసింది ఎక్కువగా నేనే. చాలా ఊళ్ళలో కొత్తవి బిగించాం. మూడు ఊళ్ళలో మాత్రం పాతవే ఉండిపోయాయి. అందులో అప్ప వాళ్ళ ఊరు ఒకటి. కొత్త పెట్టె తెస్తామంటే బావ ఒప్పుకోలేదు.

"పక్కూర్లో ఇన్నాను మరదలా. 'సముద్ర స్థితి మోస్తరు అలజడి' అంటన్నాది. ఏటది? మా ఆడదాని గొంతైతే సగం నిద్దర్లో ఇన్నా బోధపడతాది" అన్నాడు.

అప్ప పక్కనుంచి, "ఇంట్లో నా మాట ఎప్పుడైనా ఇన్నాడేటి, అడుగు" అంది.

మా మేనేజరు చెడ్డవాడు కాదు. చిన్న ఆఫీసు, ఉన్నది నలుగురం. మూడు పెట్టెల కోసం పాత వెర్షన్ మొత్తాన్ని నడుపుతూ ఉండటం ఆయనకి భారంగానే ఉండేది. "ఇంకెన్నాళ్ళమ్మా, ఆపేద్దాం. వాళ్ళే కొత్తవాటికి వస్తారు" అనేవారు. ఆపితే ఆ పెట్టెలు మూగబోతాయి. మూగబోయిన పెట్టె కింద కూర్చుని వలలు కుట్టుకునేవాళ్ళు ఏమనుకుంటారో సార్ నన్ను అడిగిన ప్రశ్న నాకు గుర్తుంది. అందుకని మధ్యే మార్గం ఒకటి చెప్పాను. సమాచారం అంతా కొత్త వెర్షన్‌లోనే తయారు చేద్దాం. చివర్లో దాన్ని పాత అంకెల్లోకి మార్చే చిన్న ప్రోగ్రాం ఒకటి నేను రాస్తాను. మూడు పెట్టెలకీ అదే పంపుతుంది.

"నువ్వే చూసుకోవాలి మరి. ఇంకో మనిషిని ఇవ్వలేను" అన్నారు ఆయన. ఆ మాత్రం సరిపోతుందన్నాను.

కొత్త వెర్షన్‌లో ఉన్నవన్నీ పాత అంకెల్లో పట్టవు. పట్టినవాటికి తగిన అంకె పెట్టాను. రేపు ఎప్పుడైనా పాతదానికి అసలు తెలియని సంగతి వస్తే, దగ్గరగా ఉన్న అంకె ఏదో ఒకటి అతికించి పంపడానికి నాకు మనసొప్పలేదు. పాత పట్టికలో ఎన్నడూ వాడని అంకె ఒకటి తీసుకుని అది పంపేలా రాశాను. అప్పుడు పెట్టె, తెలీదని చెప్పాలి. చెప్తుందనే నమ్మకం తప్ప, నేను కళ్ళతో చూసింది లేదు. ఆఫీసులో ఉన్న పాత పెట్టె మీద ప్రయత్నిస్తే చెప్పింది. కానీ ఒడ్డు మీదవి ఏళ్ళ తరబడి ఉప్పుగాలి తిన్నవి.

అలా ఉండగా ఒక ఎండాకాలం సాయంత్రం, సమాచారం పంపేవాళ్ళ దగ్గర్నుంచి మేం ఎప్పుడూ చూడని రకం హెచ్చరిక వచ్చింది. కిటికీలోంచి చూస్తే ఆకాశంలో మబ్బు తునక లేదు. ఆ రోజు సమాచారంలో కూడా గాలి ఏమీ లేదనే ఉంది. కానీ ఎక్కడో దక్షిణాన, మన దేశానికి చాలా దూరంలో సముద్రంలో పెద్ద గాలివాన లేచిందనీ, అక్కడ పుట్టిన అలలు రోజుల తరబడి ప్రయాణం చేసి మర్నాడు తెల్లారేసరికి మన తీరానికి చేరతాయనీ దాని సారాంశం. కొత్త పెట్టెలకి ఇబ్బంది లేదు, వాక్యం వాక్యంగా చదివేస్తాయి. పాత మూడింటికీ నా ప్రోగ్రాం ఆ వాడని అంకె పంపింది. పంపినట్టు తెర మీద కనిపించింది. అక్కడ పెట్టెలు నోరు విప్పాయో లేదో తెర చెప్పదు.

ఫోన్ చేతిలోకి తీసుకున్నాను, అప్పకి చేద్దామని. అది నా చేతిలోనే మోగింది.

"గుంటా, నానే. మీ పెట్టి ఏటి వాగతన్నాదో ఇన్నావా?"

"ఏమందప్పా?"

"ఏటంటాది! నా గొంతుతోనే నాకు తెల్దంటంది. ఊరు ఊరంతా నన్ను సూసి నవ్వుతన్నారు. నీకు తెల్నిదీ ఉందేటే అని మీ బావ ఎకసెక్కం. నిజంగా ఏటైనా వచ్చిందేటి?"

ఎప్పుడో రాసిపెట్టి, ఒక్కసారి కూడా అక్కరకు రాని మాట, ఆ రేకు పెట్టెలో ఇన్నాళ్ళూ చెడిపోకుండా ఉండి సమయానికి పలికింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"వెళ్ళొద్దని కూడా అంది కదప్పా?"

"అంది, అంది. మళ్ళీ మళ్ళీ అంటన్నాది. ఏటైంది సెప్పు ముందు."

చెప్పాను. గాలి ఉండదు, మబ్బు ఉండదు, కానీ కెరటం వస్తుందట అన్నాను. అప్ప ఇంకేమీ అడగలేదు. "ఇదిగో, ఇలా రా, నువ్వే ఇను" అని బావ చేతికి ఫోన్ ఇచ్చేసింది.

"ఏటి మరదలా, గాలి లేకండా కెరటమెలాగొస్తాది? సంద్రం అద్దంలాగున్నాది. ఇన్నాల్లకి ఇయ్యాల సేప కనబడతన్నాదని అందరం వలలు సర్దుకున్నాం."

"ఎక్కడో దూరంగా లేచిందట బావా. అక్కణ్ణించి నడిచి వస్తోందట."

"నువ్వు సూసినావేటి?"

"లేదు. నేను ఆఫీసులో కుర్చీలో కూర్చుని మాట్లాడుతున్నాను. చూసి లెక్కగట్టినవాళ్ళు పంపిన కబురే నీకు చెప్తున్నాను."

వెనకాల మైకు మళ్ళీ మోగడం, ఎవరో నవ్వడం వినిపించింది. ఆ నవ్వు మీదుగా అప్ప గొంతు లేచింది. "నవ్వుతారేటర్రా? ఇన్నేల్లలో అది ఎప్పుడైనా ఇలాగన్నాదేటి? తెల్దని సెప్పింది, ఎల్లమన్లేదు. తెల్నప్పుడు ఒడ్డున కూకుంటే మన సొమ్మేటి పోతాది?"

బావ మళ్ళీ ఫోన్‌లోకి వచ్చాడు. "సర్లే. పడవలు పైకి లాగీమంటాను. రేపు కెరటం రాకపోతే మాత్రం నువ్వొచ్చి నా వల లాగాలి, ఇప్పుడే సెప్తన్నాను."

"లాగుతాను బావా."

రెండో ఊరికి ఫోన్ చేస్తే అక్కడ కూడా పెట్టె చెప్పింది, వాళ్ళు అప్పటికే మాకు చేద్దామనుకుంటున్నారు. మూడో ఊళ్ళో ఎవరూ ఫోన్ ఎత్తలేదు. ఏం చెయ్యాలో తోచక మళ్ళీ అప్పకే చేశాను. "మా ఆడపడుసు ఆ ఊర్లోనే ఉన్నాది, నాను సెప్తాను, నువ్వు కంగారు పడకు" అంది. కాసేపట్లో తిరిగి చేసింది. అక్కడి మైకుకి వెళ్ళే వైరుని ఉప్పు తినేసిందట, పెట్టె ఏం చెప్పిందో ఎవరికీ వినిపించలేదట. ఆడపడుచు ఇల్లిల్లూ తిరిగి చెప్పేసిందట. అప్పుడు మాత్రమే నేను కుర్చీలో వెనక్కి వాలాను.

మర్నాడు పొద్దున్నే ఇంట్లో చెప్పి శ్రీకూర్మం వైపు వెళ్ళాను. ఆటో దిగి సరుగుడు తోటలోంచి నడుస్తుంటే ఒక్క ఆకు కదలడం లేదు. ఆకాశం నీలంగా, శుభ్రంగా ఉంది. బావ వల లాగాల్సిందే అనుకున్నాను. తోట దాటేసరికి చప్పుడు వినిపించింది. గాలి హోరు లేకుండా ఉత్త నీటి చప్పుడు. ముందెప్పుడూ నేను అలాంటిది వినలేదు. కెరటాలు ఒకదాని వెనక ఒకటి, తొందర లేకుండా, గోడల్లా లేచి వచ్చి పడుతున్నాయి. పడవలు రోజూ ఉండే చోటు నీళ్ళలో ఉంది. నీళ్ళు వలల పాకల దాకా వచ్చి, రెండు పాకల గుంజల్ని లాక్కుపోయాయి. పడవలన్నీ పైన, షెల్టరు పక్కన వరసగా ఉన్నాయి. మనుషులంతా వాటి దగ్గరే ఉన్నారు.

బావ తన పడవ అంచు మీద కూర్చుని సముద్రం వైపు చూస్తున్నాడు. నేను పక్కన నిలబడ్డాను. ఆయన సరుగుడు తోట వైపు చెయ్యి చూపించాడు.

"ఆకు కదల్లేదు సూడు."

"అవును బావా."

"నా జల్మలో ఇలాటిది ఒకసారి సూసినాను. మా నాన్నతో ఉన్నప్పుడు. మర్సిపోనాను." ఇంకో కెరటం వచ్చి విరిగేదాకా ఆగి, "పొద్దున్న ఏటైనా తిన్నావా?" అన్నాడు.

లేదన్నాను. అప్ప చోడి అంబలి పోసిన చెంబు తెచ్చి, నంజుకోడానికి వేయించిన ఎండు చేప ముక్క ఒకటి పెట్టింది. షెల్టరు మెట్ల మీద కూర్చుని తాగాను. దారిన పోయేవాళ్ళు అప్పని, "ఏటి, ఇయ్యాలైనా తెల్సిందా నీకు?" అని అడుగుతున్నారు. "ఇంకా తెల్దు, ఎల్లండెల్లండి" అని కసురుతోంది. అందరూ నవ్వుతున్నారు. ఆ నవ్వులన్నీ వింటూ ఉంటే నాకు విజయనగరం వెళ్ళాలనిపించింది.

ఆదివారం వెళ్ళాను. సార్ పెరట్లో ఆనప పాదుకి పందిరి కడుతున్నారు. చిక్కిపోయారు గానీ గొంతు అలాగే ఉంది. సార్ భార్య టీ పెట్టి ఇచ్చారు. జరిగిందంతా వరసగా చెప్పాను. ఆయన పురికొస ముడి వేస్తూనే విన్నారు.

"మూడు ఊళ్ళలోనూ మాటాడిందా?"

"రెండింట్లో మాట్లాడింది సార్. మూడో దాంట్లో మైకు వైరు పోయింది."

"ప్చ్" అన్నారు. ఆయన ముఖంలో నిజంగా బాధ కనిపించింది. అక్కడి వాళ్ళంతా వేటకెళ్ళకుండా ఒడ్డునే ఉండిపోయారని చెప్పినా ఆయన మనసంతా ఆ వైరు మీదే ఉంది.

"సార్, నేను మీకు దణ్ణం పెట్టుకుందామని వచ్చాను" అన్నాను. అంతకు మించి ఎలా చెప్పాలో తెలియలేదు. "మీరు ఆ రోజు ఆ మాట పెట్టకపోతే..."

ఆయన చెయ్యి అడ్డం పెట్టారు. సిగ్గుపడ్డారు. "అందులో నా తెలివేటుందమ్మా. ముందు ముందు ఏటొస్తాదో నాకు తెలీదు. తెలీదన్న సంగతి ఒక్కటే తెలుసు. అది పెట్టెకి కూడా సెప్పానంతే." తర్వాత ఆలోచిస్తూ, "ఆ మాట ఇంకోసారి మోగకూడదు. రెండోసారి వస్తే జనం పట్టించుకోరు. ఈ కెరటానికి సొంత మాట పెట్టెయ్" అన్నారు.

"పాత పెట్టెల్లో ఎలా పెట్టేది సార్?"

"జాగా ఉంది. కార్డులో ఇంకొన్ని గొంతులకి ఖాళీలు వదిలాను. పట్టికలో కూడా ఆ అంకెలు దేనికీ ఇవ్వలేదు." ఆయన లోపలికి వెళ్ళి కళ్ళజోడు పెట్టుకొచ్చి, ఆ ఖాళీల్లో గొంతు ఎలా నింపాలో విడమరిచి చెప్పారు. అదంతా ఆయనకి నోటికే వచ్చు. వెళ్ళేటప్పుడు అమ్మగారు ఒక ఆనపకాయ నా సంచిలో పెట్టారు.

సోమవారం మేనేజరుకి సంగతి చెప్పాను. ఆయన కూడా ఆ వారం ఊళ్ళ నుంచి ఫోన్లు అందుకున్నారు. పాతది ఆపేద్దామన్న మాట ఇంక ఎత్తలేదు. "ఆవిడ్ని ఎప్పుడు రమ్మంటావు?" అని మాత్రం అడిగారు.

అప్ప చీర మార్చుకుని, పూలు పెట్టుకుని బస్సులో వచ్చింది. ఆఫీసులో లోపలి గదిలో రికార్డింగు. చప్పుడు రాకుండా ఫ్యాన్ ఆపేశాం. కింద మందుల షాపు ముందు ఎవరో మోటారు సైకిల్ స్టార్టు చేస్తే మేనేజరు స్వయంగా దిగి వెళ్ళి బతిమాలి వచ్చారు. నేను రాసిచ్చిన కాగితం అప్ప అటూ ఇటూ తిప్పి చూసి, "ఇది నీ మాట. నా మాట నన్ను సెప్పనీ" అంది. కళ్ళు మూసుకుంది. ఆ పొద్దున్న ఒడ్డు మీద చూసిందే తలుచుకుంటోందని నాకు తెలిసింది.

"ఆకు కదల్దు, గాలుండదు. అయినా దూరం నుంచి పెద్ద కెరటం వస్తన్నాది. పడవలు పైకి లాగీండి. ఎవులూ ఏటకెల్లకండి."

రెండోసారి చెప్పించాల్సిన పని లేకపోయింది.

ఆ వారంలోనే కార్డులు తీసుకుని మూడు ఊళ్ళూ తిరిగాం. మూడో ఊళ్ళో కొత్త వైరు వేయించాం. కొత్త పెట్టెల విషయంలో కూడా ఒక మార్పు వచ్చింది. అది మేనేజరు ఆలోచనే. యంత్రం గొంతు అర్థం కావడం లేదన్న ఊళ్ళకి అప్ప గొంతు వినిపించే వీలు రెండో వెర్షన్‌లో కలిపాం. కావాలనుకున్న పెట్టె దాన్ని తీసుకుంటుంది, తెలియని పెట్టె పక్కన పెట్టేసి ఎప్పటిలా చదువుకుంటుంది. ఎక్కడా ఏదీ ఆగలేదు. ఇలా చెయ్యడం నాకు పుస్తకంలో కూడా దొరికేదేమో. నాకు మాత్రం అది ఒక మనిషి దగ్గర దొరికింది. ఎప్పుడైనా పట్టికలో కొత్త వరస రాయాల్సి వస్తే, పక్కన ఇంకొంచెం చోటు వదిలిపెడతాను. అలా వదిలినప్పుడల్లా ఆయన్ని తలుచుకుంటాను.

రికార్డింగు రోజు అప్ప వెళ్ళే ముందు, కబుర్లు ఎక్కణ్ణించి వెళ్తాయో చూపించమంది. నా కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి ఆ రోజు పాత పెట్టెలకి పంపాల్సిన మెసేజి తెరిచాను.

"ఇందులో నానెక్కడున్నాను?"

"ఇదిగో అప్పా" అని ఆ చిన్న అంకె మీద వేలు పెట్టాను.

వంగి, కళ్ళు చికిలించి చూసింది. "ఇంతేనా!" అంది. సంచి భుజానికి తగిలించుకుని, "బస్సు టైమైపోతంది గుంటా, కిందదాకా రా" అంటూ మెట్లు దిగింది.